ఫస్ట్ సెమిస్టర్ కెమిస్ట్రీ పేపరు రెండు భాషల్లో ఇవ్వండి: ఉన్నత విద్య చూసే పెద్దలకి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉన్నత విద్య అధికారులకి, యూనివర్సిటీ కెమిస్ట్రీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకి, పరీక్షల విభాగం వాళ్ళకి, చిత్తూరు, తిరుపతి జిల్లాల డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాళ్ళకి, ఇంకా నాతోపాటు చాక్‌పీస్ పట్టుకునే కెమిస్ట్రీ లెక్చరర్లకి,

నమస్కారం. అడ్మిషన్లు, రిజల్ట్స్, కోర్టు కేసులు అన్నీ మీ నెత్తి మీదే ఉంటాయని తెలుసు, అందుకే సుత్తి లేకుండా విషయానికి వస్తా. పోయిన విద్యా సంవత్సరం మొదట్లో మేం కొంతమంది లెక్చరర్లం, కొందరు తల్లిదండ్రులు కలిసి ఇదే విషయం మీద ఒక వినతిపత్రం ఇచ్చినాం. సీలేసి రసీదు కూడా ఇచ్చినారు. ఆ తర్వాత అది ఏ ఫైల్లో పడిందో, ఎవరి టేబుల్ మీద ఉందో ఒక్కరూ చెప్పలా. అడిగినప్పుడల్లా "పరిశీలనలో ఉంది" అనే మాటే. ఈ లోపల ఇంకో బ్యాచ్ చేరింది, పరీక్ష రాసింది, మళ్ళా అదే ఫెయిళ్ళ రిజల్టు వచ్చింది. అందుకని ఈసారి నలుగురూ చదివేటట్టు రాస్తా ఉన్నా.

నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే గెస్ట్ ఫ్యాకల్టీని. గంటకింత అని లెక్క, సెలవుల్లో జీతం ఉండదు. అదంతా ఇంకో లేఖకి సరిపోయే కథ, ఇక్కడ వద్దు.

ముందే ఒకటి చెప్పేస్తా, లేకుంటే కామెంట్లన్నీ దాని మీదే పడతాయి. ఇంగ్లీష్ వద్దు అని నేను అనడం లేదు. మా పిల్లలకి ఇంగ్లీష్ కావాలి, వాళ్ళ అమ్మానాయనలకి అది మనకంటే బాగా తెలుసు, కూలికి పొయ్యి ఫీజులు కట్టేది దానికోసమే. నేను అడిగేది ఒకటే. పిల్లోడికి తెలిసిన భాషని పట్టుకోని కెమిస్ట్రీ లోపలికి తీసుకుపోదాం, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి తీసుకుపోదాం. ఇప్పుడు మనం చేస్తా ఉండేది ఏమంటే రెండు తలుపులూ ఒకేసారి మూసేసి లోపలికి రాలేదేం అని అడగడం.

మా క్లాసులో కూర్చునేది ఎవరో ఒకసారి చూడండి. ఇంటర్ తర్వాత ఇంజనీరింగ్‌కి డబ్బుండేవాళ్ళు, ర్యాంకుండేవాళ్ళు అటు పోతారు. పాకాల, కార్వేటినగరం, పలమనేరు, శ్రీకాళహస్తి, సత్యవేడు పక్క పల్లెల నుంచి గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో చదువుకోని, పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాళ్ళు మా బీఎస్సీలో చేరతారు. వాళ్ళల్లో శానామంది ఇంటర్ దాకా తెలుగు మీడియం. నగరి, సత్యవేడు పక్క నుంచి వచ్చేవాళ్ళకి ఇంట్లో తమిళం, కుప్పం పక్క వాళ్ళకి కన్నడమో తమిళమో, టౌన్లల్లో ఉర్దూ మాట్లాడే ఇళ్ళు. అంటే కొంతమందికి తెలుగే రెండో భాష, ఇంగ్లీష్ మూడోది. ఇది సరిహద్దు జిల్లా, ఇక్కడ పాల ప్యాకెట్ కొనేటప్పుడు కూడా జనం రెండు భాషలు కలిపే మాట్లాడతారు. క్లాసు రూములోనే అది నేరమైపోయింది.

2021లో రాష్ట్ర ప్రభుత్వం ఆ విద్యా సంవత్సరం నుంచి డిగ్రీ చదువులన్నీ ఇంగ్లీష్ మీడియంలోనే అని ప్రకటించింది. దానికి ముందు ఏడు, అంటే 2020-21లో, డిగ్రీలో చేరిన సుమారు 2.62 లక్షల మందిలో దాదాపు 65 వేల మంది తెలుగు మీడియం వాళ్ళే. నలుగురిలో ఒకరు. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అనే గొడవలోకి నేను పోను, అది ప్రభుత్వాల పని. నిర్ణయం తీసుకున్నాక ఆ నాలుగో పిల్లోడిని అవతలి ఒడ్డుకి చేర్చేదానికి ఏం ఏర్పాటు చేసినాం అనేది మాత్రం మన పని, మీదీ నాదీ. దాని మీదికి 2023-24లో ఒకే మెయిన్ సబ్జెక్టు తీసుకునే సింగిల్ మేజర్ పద్ధతి వచ్చినప్పుడు మొదటి సెమిస్టర్లోనే లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపిన ఉమ్మడి పేపర్లు పెట్టినారు. కొత్త భాష, కొత్త ఊరు, కొత్త పద్ధతి, మూడు సబ్జెక్టుల పదజాలం, అన్నీ ఒకే నాలుగు నెలల్లో.

దీనివల్ల ఏమైతా ఉందో నేను క్లాసులో, ల్యాబులో, వ్యాల్యుయేషన్లో చూసింది రాస్తా.

1. కెమిస్ట్రీ అసలే మూడు అంతస్తుల సబ్జెక్టు, నాలుగోది మనం కట్టినాం.

స్కాట్లాండ్‌లోని గ్లాస్గో యూనివర్సిటీలో అలెక్స్ జాన్‌స్టన్ అని కెమిస్ట్రీ ఎట్ల నేర్పాలి అనేదాని మీదే జీవితమంతా పనిచేసిన ప్రొఫెసర్ ఉండేవాడు. సైన్స్ ఎందుకు కష్టంగా ఉంటుంది అనే ప్రశ్నకి 1991లో ఆయన చెప్పిన జవాబు ఇప్పటికీ ప్రపంచమంతా చెప్పుకుంటారు. కెమిస్ట్రీ నేర్చుకునేవాడు ఒకే టైంలో మూడు చోట్ల ఉండాలంట. కంటికి కనిపించేది ఒకటి, రంగు మారడం, బుడగలు రావడం, అడుగున తెల్లగా పేరుకోవడం. కంటికి కనపడని పరమాణువులు, అయాన్లు, ఎలక్ట్రాన్లు రెండోది. వాటిని కాగితం మీద రాసే గుర్తులు, ఫార్ములాలు, సమీకరణాలు మూడోది. తెలిసినోళ్ళు ఈ మూడింటి మధ్యన అలవాటుగా అటూ ఇటూ తిరుగుతారు, కొత్తగా నేర్చుకునే పిల్లోడి బుర్రలో ఒకేసారి పట్టేది కొంచెమే. ఆ కొంచెం జాగాలో సగం ఇంగ్లీష్ వాక్యాన్ని విప్పుకునేదానికే అయిపోతే పరమాణువుకి మిగిలేది ఎంత?

దీనికి మన ఊరి ఉదాహరణే ఇస్తా. శ్రీకాళహస్తి కలంకారీ. బట్టని ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళల్లో ముంచి ఎండబెడతారు. ఇనప ముక్కలు, బెల్లం నీళ్ళల్లో వేసి రోజుల తరబడి పులియబెట్టి ఆ నీళ్ళతో కలం పట్టి గీస్తారు. గీసేటప్పుడు పల్చగా ఉండే ఆ నీళ్ళు బట్ట మీద పడినాక నల్లగా తిరుగుతాయి. ఎర్రరంగు కావల్సినచోట పటిక పూస్తారు. ఇందులో ఫస్టియర్ సిలబస్ సగం ఉంది. బెల్లం పులిసి ఎసిటిక్ యాసిడ్ అవడం, అది ఇనుముని కరిగించి ఫెర్రస్ ఎసిటేట్ చెయ్యడం, గాలిలో ఆక్సిజన్‌తో ఫెర్రస్ ఫెర్రిక్ అవడం, కరక్కాయలో టానిన్ ఆ ఇనుముని పట్టుకోని నల్లటి కాంప్లెక్స్ కట్టడం, పటికలో అల్యూమినియం అయాన్ రంగునీ నూలునీ కలిపి పట్టడం. ఇది తెలుగులో చెప్పినరోజు ఆఖరి బెంచీ వాళ్ళు కూడా ప్రశ్నలేసినారు. పాలు ఎందుకు మేడమ్ అని ఒకమ్మాయి అడిగింది, పాలలో కొవ్వు ఉంటే రంగు పాకకుండా గీసినచోటే నిలుస్తుంది, కానీ దానికంటే ఆ పిల్ల నోరు విప్పడమే నాకు పెద్ద సంగతి. అదే పాఠం పక్క సెక్షన్లో పుస్తకంలో ఉన్నట్టు ఇంగ్లీషులో చదివినప్పుడు అందరూ బుద్ధిగా నోట్సు రాసుకున్నారు. ప్రశ్న ఒక్కటీ రాలా. ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వచ్చుంటే రెండో క్లాసుకే మార్కులు వేసేవాళ్ళు.

2. పరీక్షలో మనం కొలిచేది ఏంది?

మా దగ్గర ఒక పిల్లోడు ఉండాడు, పేరు వద్దు. 250 మిల్లీలీటర్ల 0.1 మోలార్ ఆక్సాలిక్ యాసిడ్ ద్రావణం కావాలంటే ఎంత తూకం వెయ్యాలి అని ల్యాబులో అడిగితే కాలిక్యులేటర్ లేకుండా 3.15 గ్రాములు అని చెప్పినాడు, దాని అణుభారం 126ని 10తో భాగించి మళ్ళా నాలుగుతో భాగించినాను మేడమ్ అని దారి కూడా చెప్పినాడు. బ్యూరెట్ పట్టుకుంటే ఒక్క చుక్క అటూ ఇటూ పోదు. సెమిస్టర్ థియరీలో అదే లెక్క మూడు లైన్ల ఇంగ్లీష్ కథగా వచ్చింది, హైడ్రేట్ అని, స్టాండర్డ్ ఫ్లాస్క్ అని, మార్కు దాకా నింపినారు అని, అందులోంచి కొంత తీసి టైట్రేట్ చేసినారు అని, ఆఖర్లో అడిగింది ఏందో వాడికి అర్థం కాలా. "లెక్క తెలుసు మేడమ్, ఏం అడిగినారో తెలీలా" అన్నాడు. వాడు ఫెయిల్. మార్కుల లిస్టులో మాత్రం కెమిస్ట్రీ ఫెయిల్ అని ఉంటుంది.

ఇట్లా ఒకడు కాదు. మిగతావాళ్ళు ఏం చేస్తారంటే గైడు కొనుక్కోని బట్టీ పడతారు. పేపర్లు దిద్దేటప్పుడు చూడండి, ఒకే కాలేజీ పిల్లలందరూ కామాలతో సహా ఒకే జవాబు, అదే గైడులో ఉండే అచ్చు తప్పుతో సహా. హైబ్రిడైజేషన్ గురించి రెండు పేజీలు తప్పులేకుండా రాసిన అమ్మాయిని మీథేన్ బొమ్మ గీసి కోణం చూపించమ్మా అంటే బిత్తరపోయి చూసింది. అంత బట్టీ పట్టిన పిల్లకి తెలివి లేదా? తెలివి ఉంది, దాన్ని మనం వాడుకోలా.

3. ల్యాబులో ఇది మార్కుల విషయం కూడా కాదు.

గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌ని పల్చన చెయ్యాలంటే నీళ్ళల్లోకి యాసిడ్‌ని కొంచెం కొంచెంగా పొయ్యాలి, కలుపుతా ఉండాలి. యాసిడ్‌లోకి నీళ్ళు పోస్తే పుట్టే వేడికి నీళ్ళు అక్కడికక్కడే ఉడికి యాసిడ్‌తో సహా మొహం మీద చిమ్ముతాయి. తిరుపతి ఎండల్లో గాఢ అమోనియా సీసా మూత తీసేముందు చల్లబరచాలి, లేకుంటే లోపల ఒత్తిడికి గ్యాసు ఒక్కసారి మీదికి కొడుతుంది. ఇట్లాంటివన్నీ గోడ మీద చార్టులో, మాన్యువల్లో, సీసా లేబుల్ మీద ఇంగ్లీషులోనే ఉంటాయి. బస్సు మీద, పురుగుల మందు డబ్బా మీద తెలుగులో హెచ్చరిక రాసే దేశంలో ల్యాబు గోడ మీద రాయడానికి ఏం అడ్డమో నాకు అర్థం కాదు. పర్మనెంట్ ల్యాబ్ అసిస్టెంట్ లేని కాలేజీలు ఎన్నో మీకు తెలుసు, ఒక లెక్చరర్ ముప్పై మందిని చూసుకోవాలి, నోటితో ఎన్నిసార్లని చెప్తారు?

4. ఫెయిలైన సబ్జెక్టుకి అయ్యే ఖర్చు ఎవరు మోస్తారు?

సప్లిమెంటరీ ఫీజు, మళ్ళా గైడు, మళ్ళా బస్సు చార్జీ. ఇది చిన్న డబ్బే అనిపిస్తుంది జీతగాళ్ళకి. కూలి పనికి పొయ్యే ఇంట్లో అది ఒక వారం పని. మగపిల్లలైతే రెండు బ్యాక్‌లాగ్‌లు పడంగానే రేణిగుంట పక్కనో శ్రీసిటీ పక్కనో ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు లేబర్‌గా చేరిపోతారు, ఇంగ కాలేజీ మొహం చూడరు. ఆడపిల్లలకి ఇంకో తలుపు తెరిచి పెట్టుంటారు. "ఫెయిలైంది కదా, చదివింది చాలు" అని ఆ ఏడే సంబంధాలు మొదలుపెడతారు. కెమిస్ట్రీ రాక ఆగిపోయిన పెళ్ళిళ్ళు ఎక్కడా లేవు గానీ కెమిస్ట్రీ పోయిందని చేసేసిన పెళ్ళిళ్ళు మా పక్క ఉండాయి.

ఇంకో పక్క చూడండి. మన జిల్లా అంటే తోతాపురి మామిడి, గుజ్జు ఫ్యాక్టరీలు, పాల డైరీలు. గుజ్జులో పులుపు ఎంతుందో చూడాలన్నా, పాలు పులిసినాయా లేదా తేల్చాలన్నా చేసేది సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేషనే, ఫినాఫ్తలీన్ వేసి లేత గులాబీ రంగు వచ్చేదాకా. మా పిల్లోళ్ళు ఫస్టియర్లో చేసేది అదే పని. ఆ ల్యాబుల్లో ఉద్యోగానికి డిగ్రీ సర్టిఫికెట్ అడుగుతారు. చేతికి పని వచ్చు, చేతిలో సర్టిఫికెట్ లేదు. పక్క ఊరి ఫ్యాక్టరీలో ల్యాబు ఉద్యోగం బయటి పిల్లోడికి పోతుంది, మనోడు అదే ఫ్యాక్టరీలో క్రేట్లు మోస్తా ఉంటాడు.

5. మాకు ఎవరూ నేర్పలా.

ఇది లెక్చరర్ల తరపున రాస్తా ఉన్నా, కొంతమందికి కోపం రావచ్చు. డిగ్రీలో చెప్పేదానికి పీజీ ఉండాలి, నెట్టో సెట్టో అనే అర్హత పరీక్ష గానీ పీహెచ్‌డీ గానీ ఉండాలి. పాఠం చెప్పడం ఎట్లా అని ఒక్క రోజు కూడా శిక్షణ అక్కర్లేదు. రెండు భాషల క్లాసులో ఎట్లా చెప్పాలి అనేది ఇంగ దూరం. మనం చేసేది ఏమంటే ఇంగ్లీష్ వాక్యం చదివి, దాన్ని తెలుగులో గబగబా చెప్పి, మళ్ళా ఇంగ్లీషులో నోట్సు చెప్పి రాయించడం. లేదంటే తలుపేసుకోని పూర్తి తెలుగు, కారిడార్లో అడుగుల చప్పుడు వినపడితే ఇంగ్లీష్. రెండూ పద్ధతి కాదు.

ఇందులో పద్ధతి అనేది ఒకటి ఉంది, దాన్నే కొన్ని దేశాల్లో ద్విభాషా విద్య అని కాలేజీల్లో కోర్సుగా పెట్టి టీచర్లకి నేర్పిస్తారు. అమెరికాలో 1968లోనే దీనికి చట్టం వచ్చింది. 1974లో శాన్ ఫ్రాన్సిస్కో చైనీస్ పిల్లల కేసులో, లౌ వర్సెస్ నికోల్స్ అంటారు, అక్కడి సుప్రీం కోర్టు అందరికీ అదే పుస్తకం, అదే టీచరు, అదే సిలబస్ ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని చెప్పింది. భాష అర్థం కాని పిల్లలకి ఆ చదువు అందనట్టే అనింది. వేల్స్ దేశంలో కెన్ విలియమ్స్ అనే ఆయన 1994లో, పాఠం ఒక భాషలో విని దాని గురించి ఇంకో భాషలో మాట్లాడటం, రాయడం కావాలనే ఒక పద్ధతిగా చేయిస్తే రెండు భాషలూ పెరుగుతాయి, సబ్జెక్టూ వస్తుంది అని వివరంగా చూపించినాడు. కెనడాలో జిమ్ కమిన్స్ ఇంకో సంగతి తేల్చినాడు. వేరే భాషలో మామూలు మాటలు రెండేళ్ళల్లో వచ్చేస్తాయి, చదువుకి కావల్సిన భాష రావాలంటే ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుంది అని. మనం ఇచ్చేది ఒక సెమిస్టర్. పిల్లోడు క్యాంటీన్లో నాలుగు ఇంగ్లీష్ ముక్కలు మాట్లాడినాడని పేపర్లో కూడా అర్థమైతుంది అనుకుంటా ఉన్నాం.

విదేశాల కథలెందుకు అంటారా, 1918లో హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది ఉర్దూ మీడియంతో. దానికంటే ముందే అనువాదాల సంస్థ పెట్టి పుస్తకాలు తయారు చేసుకున్నారు, సైన్స్ కూడా ఉర్దూలోనే చెప్పినారు, ఇంగ్లీష్‌ని తప్పనిసరి సబ్జెక్టుగా పెట్టినారు. నూరేళ్ళ కింద, టైప్ కొట్టే మిషన్లే అరుదైన కాలంలో. మనకి తెలుగు అకాడమీ 1968 నుంచి ఇంటర్, డిగ్రీ కెమిస్ట్రీ పుస్తకాలు తెలుగులో వేసిన చరిత్ర ఉంది. పదాలు లేవు అనే మాట అబద్ధం.

ఇప్పుడు నాకు ఎదురొచ్చే మాటలు కొన్ని. "స్కూళ్ళల్లో ఇంగ్లీష్ మీడియం వచ్చేసింది కదా, ఇంకో రెండు మూడేళ్ళకి ఈ సమస్యే ఉండదు" అంటారు. మన రాష్ట్రంలో స్కూలు పుస్తకాలు ఒక పక్క పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగు అచ్చేసి ఇచ్చినారు గదా, అంటే రెండు భాషలు లేకుండా నడవదని స్కూలు శాఖే ఒప్పుకుంది. స్కూల్లో ఎదురు పేజీ చూసుకోని చదివిన పిల్లోడికి డిగ్రీలో ఆ పేజీ చింపేస్తే ఎట్లా? "మరి తమిళం, కన్నడం పిల్లల సంగతి" అంటారు, న్యాయమైన ప్రశ్నే, కింద దానికి జవాబు రాసినా. "ఉద్యోగాలకి ఇంగ్లీష్ కావాలి" అంటారు, కావాలి, అందుకే రెండూ అడుగుతా ఉన్నా. "రూల్స్ ఒప్పుకోవు" అనేదే అన్నిటికంటే గట్టిగా వినపడుతుంది. దానికి మీ రూల్సే చూపిస్తా.

జాతీయ విద్యా విధానం 2020లో 4.14 పేరా సైన్స్, లెక్కలకి నాణ్యమైన ద్విభాషా పుస్తకాలు చెయ్యాలని చెప్తుంది, పిల్లలు ఈ రెండు సబ్జెక్టుల గురించి ఇంటి భాషలోనూ ఇంగ్లీషులోనూ ఆలోచించి మాట్లాడగలగాలి అని. 22.10 పేరా ఉన్నత విద్య గురించే, మాతృభాషలో గానీ రెండు భాషల్లో గానీ కోర్సులు పెంచాలని, నాలుగేళ్ళ బీఈడీ డ్యూయల్ డిగ్రీని రెండు భాషల్లో నడిపితే సైన్స్, లెక్కలు రెండు భాషల్లో చెప్పే టీచర్లు తయారైతారని ఉంది. 2023 ఏప్రిల్‌లో యూనివర్సిటీల మీద ఉండే కేంద్ర సంస్థ యూజీసీ యూనివర్సిటీలకి చెప్పింది, కోర్సు ఇంగ్లీష్ మీడియంలో ఉన్నా పరీక్ష స్థానిక భాషలో రాసేదానికి పిల్లలకి అవకాశం ఇవ్వండి అని. 2024 జులైలో అస్మిత అని ఒక ప్రాజెక్టు మొదలుపెట్టినారు, ఐదేళ్ళల్లో భారతీయ భాషల్లో 22 వేల పుస్తకాలు తెస్తామని. జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగుతో కలిపి 13 భాషల్లో ఉంది. మన ఎంసెట్ పేపరు, ఇప్పుడు ఈఏపీసెట్ అంటా ఉన్నాం, ఇంగ్లీష్ పక్కనే తెలుగు ఉంటుంది. ఐఐటీకి పొయ్యే దారిలో మొదట రాసే పరీక్షలో తెలుగు ప్రశ్న ఉండొచ్చు, పాకాల నుంచి బస్సులో వచ్చి రాసే ఫస్ట్ సెమిస్టర్ కెమిస్ట్రీలో ఉండకూడదా?

మా డిమాండ్లు ఇవి. వరుస కావాలనే ఇట్లా పెట్టినా, ముందుండేవి డబ్బు ఖర్చు లేనివి.

1. వచ్చే ఫస్ట్ సెమిస్టర్ నుంచి కెమిస్ట్రీ, కెమిస్ట్రీ కలిసిన ఉమ్మడి పేపర్లలో ప్రశ్నలు ఇంగ్లీష్, తెలుగు రెండింటిలో అచ్చెయ్యండి. సాంకేతిక పదం ఇంగ్లీషు పలుకుబడే ఉండనియ్యండి, మోలారిటీ మోలారిటీనే, ఆర్బిటాల్ ఆర్బిటాలే. వాక్యం తెలుగులో ఉంటే చాలు. పేపర్ సెట్ చేసేవాళ్ళల్లో ఒకరు తెలుగులో రాయగలిగిన కెమిస్ట్రీ మనిషి ఉండాలి. మిషన్ అనువాదం చేసేసి ఎవరూ చూడకుండా అచ్చుకి పంపొద్దు, అది చదివితే తెలుగు వచ్చినోళ్ళకి కూడా ఇంగ్లీషే నయం అనిపిస్తుంది.

2. జవాబు తెలుగులో రాసినా, రెండూ కలిపి రాసినా మార్కులు తగ్గించకూడదని రాతపూర్వకంగా సర్క్యులర్ ఇవ్వండి. నోటి మాటతో చెప్తే ఎవరూ వినరు. వ్యాల్యుయేషన్ క్యాంపు మొదటిరోజు ఆ సర్క్యులర్ చదివి వినిపించాలి. ఫార్ములా కరెక్టు, లెక్క కరెక్టు, వివరణ తెలుగులో ఉంది అని సున్నా పెట్టిన పేపరు నేను చూసినా, దిద్దినాయనకి దాన్ని ఆపే కాగితం ఏదీ లేదు.

3. మొదటి సంవత్సరం కెమిస్ట్రీ రిజల్ట్స్‌ని ఇంటర్లో ఏ మీడియం చదివినారో దాని ప్రకారం విడదీసి, కాలేజీవారీగా బయటపెట్టండి. అడ్మిషన్ ఫారంలో మీడియం కాలమ్ ఉంది, మార్కులు మీ కంప్యూటర్లో ఉన్నాయి, రెండూ కలిపేదానికి ఒక పూట చాలు. నేను పైన చెప్పింది తప్పైతే ఆ లెక్కే చెప్తుంది, నేను ఒప్పుకుంటా. ఒప్పైతే ఇంగ పరిశీలన అనే మాట వాడొద్దు.

4. ల్యాబు మాన్యువల్, సేఫ్టీ బోర్డులు ఇంగ్లీష్, తెలుగులో ఈ ఏడే పెట్టండి. నగరి, సత్యవేడు పక్క కాలేజీల్లో తమిళంలో, కుప్పం పక్క కన్నడంలో, అవసరమున్నచోట ఉర్దూలో బోర్డులు పెట్టండి. పాఠ్యపుస్తకం అన్ని భాషల్లో రావాలంటే టైం పడుతుంది, ఒప్పుకుంటా. యాసిడ్ బోర్డుకి టైం అడగొద్దు.

5. క్లాసులు మొదలైన మొదటి మూడు వారాలు బ్రిడ్జి కోర్సు. పేరుకి పెట్టి అటెండెన్స్ వేసేది కాదు. ఇంటర్ కెమిస్ట్రీలో తెలిసిన విషయాలే తీసుకోని, మోల్ లెక్కలు, ఆమ్లాలు, క్షారాలు, ఆక్సీకరణం, ఆవర్తన పట్టిక, వాటిని ఇంగ్లీషులో చదవడం, ఇంగ్లీష్ ప్రశ్నని విప్పుకోవడం, ఒక్క పేరా సొంతంగా రాయడం. ఇది తమిళం పిల్లోడికీ కన్నడం పిల్లోడికీ కూడా పనికొస్తుంది, వాళ్ళని చిన్న గుంపులుగా కూర్చోబెట్టి వాళ్ళ భాషలో మాట్లాడుకోనిస్తే చాలు, లెక్చరర్‌కి తమిళం రావాల్సిన పని లేదు. దీనికి గెస్ట్ ఫ్యాకల్టీకి గంటల లెక్కన డబ్బులివ్వాలి, అదొక్కటే ఖర్చు.

6. బీఈడీలో, నాలుగేళ్ళ బీఎస్సీ బీఈడీలో ద్విభాషా విద్య మీద ఒక పూర్తి పేపర్ పెట్టండి, అందులో సగం సైన్స్ క్లాసులో చేసి చూపించేదిగా ఉండాలి. టీచర్ అవుదామనుకునే బీఎస్సీ పిల్లలకి అదే ఎలక్టివ్‌గా ఇవ్వండి. ఇప్పుడు పనిచేస్తా ఉండే కెమిస్ట్రీ లెక్చరర్లకి సెలవుల్లో చిన్న శిక్షణ. చెప్పేవాళ్ళు ఎవరు అని అడగొద్దు. తిరుపతిలో 1954 నుంచి శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ ఉంది, 1983 నుంచి పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది, సంస్కృత యూనివర్సిటీ ఉంది, 2015లో ఐఐటీ, సైన్స్ చదువులకి, పరిశోధనకి పెట్టిన ఐసర్ రెండూ వచ్చినాయి. కుప్పంలో ద్రావిడ భాషల కోసమే 1997లో పెట్టిన ద్రావిడ యూనివర్సిటీ ఉంది. భాష తెలిసినోళ్ళు, కెమిస్ట్రీ తెలిసినోళ్ళు, పాఠం చెప్పడం తెలిసినోళ్ళు అందరూ ఈ రెండు జిల్లాల్లోనే ఉండారు, ఒక గదిలో కూర్చోబెట్టినోళ్ళే లేరు. ఆ గది పెట్టేది మీరే.

7. ఒక పదకోశం. ఫస్టియర్ కెమిస్ట్రీ వరకే, పలుచటి పుస్తకం చాలు. ఇంగ్లీష్ పదం తెలుగు లిపిలో, దాని తెలుగు పదం, దాన్ని వాడిన ఒక మామూలు వాక్యం, కుదిరితే బొమ్మ. ఫోన్లో చదువుకునేటట్టు ఉచితంగా పెట్టండి. గ్రాంథికంగా రాసి పండితుల చేత మెప్పించుకోవాల్సిన పని లేదు, పిల్లోళ్ళ చేత చదివించి వాళ్ళకి అర్థం కానివి తీసెయ్యండి.

కెమిస్ట్రీ లెక్చరర్లకి విడిగా రెండు మాటలు. సర్క్యులర్ వచ్చేదాకా ఆగాల్సిన పని లేనివి కొన్ని ఉన్నాయి. ఇంటర్నల్ పరీక్షల పేపర్ మన చేతుల్లోనే ఉంది, దాన్ని రెండు భాషల్లో ఇవ్వండి. ల్యాబు గోడ మీద తెలుగులో ఒక చార్టు రాయండి. పాఠం అయ్యాక ఐదు నిమిషాలు పిల్లల్ని ఇద్దరిద్దరుగా వాళ్ళకి వచ్చిన భాషలో మాట్లాడుకోనిచ్చి, ఆ తర్వాత రెండు వాక్యాలు ఇంగ్లీషులో రాయించండి. తెలుగులో చెప్తే స్థాయి తగ్గిపోతుందని స్టాఫ్ రూముల్లో అనుకునే మాట నాకు తెలుసు. కలంకారీ గుడ్డ మీద ఇనుము, టానిన్ కాంప్లెక్స్ గురించి తెలుగులో మాట్లాడిన పిల్ల స్థాయి ఎక్కువా, అర్థం కాకుండా ఇంగ్లీషులో రెండు పేజీలు దించిన పిల్ల స్థాయి ఎక్కువా మీరే చెప్పండి.

తల్లిదండ్రులకి కూడా చెప్తా ఉన్నా. పిల్లోడు ఫస్టియర్లో ఫెయిలైతే వాడికి చదువు రాదని తీర్మానం చేసెయ్యొద్దు. మార్కుల లిస్టుతో కాలేజీకి రండి, మాతో మాట్లాడండి, జవాబు పేపర్ కాపీ అడిగి తీసుకోండి, అది అడిగే హక్కు ఉంది. ఆడపిల్ల అయితే ఇంకో ఆర్నెల్లు టైం ఇవ్వండి.

అధికారులకి ఆఖరిగా. పైన ఒకటి, రెండు, మూడు డిమాండ్లకి వచ్చే ఫస్ట్ సెమిస్టర్ పరీక్షల నోటిఫికేషన్ వచ్చేలోపల రాతపూర్వకంగా జవాబు కావాలి, అవుననైనా కాదనైనా. కాదంటే ఎందుకు కాదో కారణం రాయండి, మేం దానికి జవాబు చెప్తాం. నాలుగోది ఈ ఏడే కావాలి. మిగతా మూడింటికి ఒక కమిటీ వేస్తామంటే సరే, అందులో తెలుగు మీడియం నుంచి వచ్చిన ఇద్దరు విద్యార్థులు, ఒక ల్యాబ్ అసిస్టెంట్, గవర్నమెంట్ జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్ ఒకరు ఉండాలి, కమిటీకి తేదీ పెట్టాలి. పోయినసారి ఇచ్చిన వినతిపత్రం నకలు, మీ ఆఫీసు సీలున్న రసీదు నకలు ఈ లేఖతో జత చేసి పంపుతా ఉన్నాం, పాత ఫైల్ దొరకలేదని ఈసారి ఎవరూ చెప్పాల్సిన పని లేకుండా.

ఇట్లు,
ఒక కెమిస్ట్రీ గెస్ట్ ఫ్యాకల్టీ, తోటి లెక్చరర్లు, కొందరు తల్లిదండ్రుల తరపున,
తిరుపతి